సుంకి ఘాటీ, నడుముకు పిస్టల్: జైపూర్ ధాన్యం వ్యాపారికి ఒక రిటైర్డ్ ఆర్మరర్ జవాబు

బాబూ, మీరు అడిగింది మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీకు ఒడిశా కోరాపుట్ జిల్లా జైపూర్‌లో ధాన్యం వ్యాపారం. వసూళ్ల నగదుతో తరచూ కోరాపుట్, సెమిలిగుడ మీదుగా సుంకి ఘాటీ (కొండ దారి) దిగి ఆంధ్రాలోని సాలూరు వెళ్లి రావాలి. కలెక్టర్ ఆఫీసు నుంచి ఆయుధ లైసెన్స్ వచ్చింది, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 పిస్టల్ కొన్నారు. ఎవరికీ కనబడకుండా రోజూ నడుముకు ఎలా పెట్టుకోవాలి, ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) రౌండ్, అంటే తూటా, ఉంచాలా వద్దా, ఏ హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) కొనాలి అన్నవి మీ సందేహాలు.

నేను సీఆర్‌పీఎఫ్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. వేరేవాళ్ల ఆయుధాలు విప్పడం, బాగుచెయ్యడం, కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) లెక్క చూసుకోవడం నా పని. కాల్పుల్లో ఆరితేరిన వీరుడిలా మాట్లాడలేను. తుపాకి ఎక్కడ, ఎవరి చేతిలో, ఎందుకు అనుకోకుండా పేలుతుందో మాత్రం బాగా తెలుసు.

హోల్‌స్టర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ లైసెన్స్ తీసి అది ఏ ప్రాంతంలో చెల్లుతుందని రాశారో చూడండి. చాలామంది నంబరు, ఫొటో, ఆఖరు తేదీ చూసుకుంటారు గానీ ఆ గడి చదవరు. అక్కడ ఒడిశా అని మాత్రమే ఉంటే పొట్టంగి దాటి, సుంకి చెక్‌పోస్టు అవతల ఆంధ్రాలో అడుగుపెట్టిన క్షణం నుంచి ఆ లైసెన్స్ మిమ్మల్ని కాపాడదు. సాలూరు పోలీసులు ఆపితే ఒడిశా కలెక్టర్ సంతకం చూపించి లాభం లేదు. మీకు పిస్టల్ అవసరమని అనిపించేది ఘాటీ దిగే రోజున, దాన్ని వెంట తీసుకెళ్లకూడనిది కూడా అదే రోజున. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం కూతవేటు దూరం, గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉన్న మనవాళ్లకు గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ఈ సరిహద్దు ఊళ్లలో మన చుట్టాలు, బేరాలు అన్నీ అటూ ఇటూ ఉంటాయి, లైసెన్స్ మాత్రం ఒక పక్కనే ఉంటుంది. వ్యాపారం కోసం తరచూ దాటాల్సి ఉందని కారణం, రుజువులు చూపించి, ఏరియా పెంచమని లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనే దరఖాస్తు పెట్టుకోండి. అది చేతికి వచ్చేవరకు సాలూరు ప్రయాణాలకు పిస్టల్ ఇంటి లాకర్‌లోనే ఉండాలి. పొట్టంగిలో తెలిసినవాళ్ల కొట్లో పెట్టి వెళ్తాను అనే ఆలోచన అసలు వద్దు. లైసెన్స్ మీ పేరు మీద ఉంది, ఆ కొట్టు యజమాని పేరు మీద లేదు.

ఇక అసలు విషయం. మంచి కండిషన్‌లో ఉన్న పిస్టల్, సరైన హోల్‌స్టర్‌లో, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుని ఉన్నంతసేపు దానంతట అది పేలదు. అది పేలేది మనిషి చెయ్యి పడ్డప్పుడు: హోల్‌స్టర్‌లోకి దించేటప్పుడు, బయటికి తీసేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు, ఎవరికో చూపించేటప్పుడు, తుడిచేటప్పుడు. బెటాలియన్లలో కూడా అనుకోని పేలుళ్లు ఎక్కువగా డ్యూటీ మొదలయ్యే వేళ, ముగిసే వేళ జరుగుతాయి. మధ్యలో ఎనిమిది గంటలు నడుముకున్న ఆయుధం ఏమీ చెయ్యదు. అందుకే నేను ఏం చెప్పినా ఒకే లెక్క మీద చెప్తాను: రోజుకు పిస్టల్ మీద చెయ్యి పడే సందర్భాలు ఎంత తగ్గితే మీకు, మీ ఇంట్లోవాళ్లకు అంత క్షేమం.

యూట్యూబ్‌లో అమెరికావాళ్ల వీడియోలు చూసి నేర్చుకుంటున్నానని రాశారు. చూడండి, తప్పులేదు. కానీ వాళ్ల పరిస్థితి వేరు. 2024 నాటికి అక్కడ 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్ దాచుకుని తిరగొచ్చు. వాళ్ల చేతిలో ఉండేది ఎక్కువగా 9 ఎంఎం. కింద పడినా పేలకుండా లోపల అడ్డు ఉన్న కొత్త డిజైన్లు, వారం వారం కాల్చి ప్రాక్టీస్ చేసుకునే రేంజులు వాళ్లకున్నాయి. మన దగ్గర 9 ఎంఎం సామాన్యుడికి నిషిద్ధ బోర్ (గొట్టం లోపలి కొలత), అందుకే మీకు .32 ఇచ్చారు. మన చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది. 2016 ఆయుధ నియమాల్లో 32వ రూల్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్ లాంటి చేతి తుపాకి, దానికోసమే చేసిన హోల్‌స్టర్‌లో ఒంటికి తగిలించి గానీ, రక్‌శాక్ (వీపున వేసుకునే సంచి) లాంటిదాంట్లో గానీ ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. అంటే దాచి పెట్టుకోవడం మీ సరదా కాదు, రూలే. జేబులో అలాగే వేసుకోవడం, ప్యాంటులోకి దోపుకోవడం, కారు సీటు కింద పడేయడం ఇవేవీ ఆ రూల్‌కు సరిపోవు.

కనబడకుండా ఉండాలనడానికి మన ప్రాంతంలో మరో కారణం ఉంది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ టౌన్‌లో పోలీసుల ఆయుధాగారాన్నే మావోయిస్టులు దోచుకుపోయారు. పరిస్థితి ఇప్పుడు అప్పటిలా లేదు. అయినా ఈ కొండల్లో తుపాకి అంటే దాని కోసం మనుషులు వచ్చే వస్తువు. మీ దగ్గర పిస్టల్ ఉందని మిల్లు హమాలీలకు, డ్రైవర్‌కు, టీ కొట్టువాడికి తెలిస్తే మీకు రక్షణ పెరగదు. నగదుతోపాటు దోచుకోవడానికి రెండో వస్తువు దొరుకుతుంది. లైసెన్స్ వచ్చిన ఆనందంలో ఫొటో దిగి స్టేటస్ పెట్టేవాళ్లను చూస్తుంటే నాకు భయమేస్తుంది.

ఛాంబర్ సంగతి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీరు ఛాంబర్ ఖాళీగానే ఉంచండి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) నిండుగా, పిస్టల్‌లో ఎక్కించి, ఛాంబర్‌లో రౌండ్ లేకుండా. దీనికి ఒప్పుకోని నిపుణులు చాలామంది ఉన్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది కూడా. ఆపద వచ్చినప్పుడు తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగడానికి రెండో చెయ్యి కావాలి, ఆ చెయ్యి స్టీరింగ్ మీదో, దాడి చేసేవాణ్ణి ఆపడంలోనో ఉండొచ్చు. వణికే చేతులతో స్లైడ్ సగం లాగి వదిలితే రౌండ్ ఇరుక్కుంటుంది. ఇవన్నీ నిజాలే. అయినా మీ విషయంలో ఖాళీయే మేలు అనడానికి కారణాలున్నాయి. .32 పిస్టళ్లలో చాలావాటి మూలం నూరేళ్ల కిందటి డిజైన్లు. కింద పడ్డప్పుడు ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచి పేల్చే సూది) తన బరువుతోనే ముందుకు జారకుండా ఆపే అడ్డు అన్నిట్లోనూ ఉండదు. మీదాంట్లో ఉందో లేదో లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌తో విప్పించి తెలుసుకోండి, డీలర్ నోటిమాట నమ్మొద్దు. రెండోది, మీరు కొత్త. నెలల తరబడి రేంజులో చెయ్యి తిరిగిన తర్వాత ఈ ప్రశ్న మళ్లీ వేసుకోవచ్చు.

వేగం మీద కూడా భ్రమ వద్దు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన డెనిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకన్లలో మీద పడగలడని, హోల్‌స్టర్ నుంచి పిస్టల్ తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకూ సుమారు అంతే పడుతుందని అందులో చూపించాడు. అక్కడ పిస్టల్ లోడ్ చేసి ఉంది, పైన కప్పిన చొక్కా లేదు. ఘాటీ మలుపులో కారు ఆపి అద్దం దగ్గరికి వచ్చినవాడు 21 అడుగుల దూరంలో ఉండడు, రెండు అడుగుల్లో ఉంటాడు. అక్కడ ఛాంబర్‌లో రౌండ్ ఉన్నా లేకపోయినా పిస్టల్ మిమ్మల్ని ఆదుకోవడం అనుమానమే. ముందున్న లారీకి మీ కారుకు మధ్య తప్పించుకునేంత జాగా వదలడం, తలుపులు లాక్ చెయ్యడం, చీకటి పడకముందే ఘాటీ దిగిపోవడం ఎక్కువ పని చేస్తాయి. నగదు మాట కూడా ఒకటి. ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం 2017 నుంచి చెప్తూనే ఉంది. వసూళ్లు బ్యాంకులోకి మళ్లిస్తే మీకు పిస్టల్ అవసరమే సగం తగ్గిపోతుంది. ఇది మీకు నచ్చదని తెలుసు, ధాన్యం వ్యాపారంలో ఇబ్బందులు నేనూ చూశాను.

హోల్‌స్టర్ విషయంలో డబ్బు దాచుకోకండి. గుడ్డతో కుట్టి, సాగే పట్టీ వేసి, అన్ని సైజులకూ సరిపోతుందని చౌకగా అమ్మేవి కొనొద్దు. మూడు పరీక్షలు పెట్టండి. పిస్టల్ దించిన తర్వాత ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) మొత్తం మూసుకోవాలి, ఏ పక్కనుంచీ పుల్ల కూడా దూరకూడదు. ఖాళీ పిస్టల్ పెట్టి తలకిందులుగా పట్టుకుని ఊపితే జారిపడకూడదు. పిస్టల్ బయటికి తీశాక హోల్‌స్టర్ నోరు తెరుచుకునే ఉండాలి, మూసుకుపోకూడదు. నోరు మూసుకుపోయేదైతే మళ్లీ దించేటప్పుడు రెండో చేత్తో దాన్ని తెరవాల్సి వస్తుంది, అప్పుడు పిస్టల్ మూతి మీ వేళ్ల మీదికే ఉంటుంది. గట్టి ప్లాస్టిక్‌లో పిస్టల్ ఆకారానికి అచ్చు పోసిన కైడెక్స్ హోల్‌స్టర్లు ఈ మూడింట్లోనూ నెగ్గుతాయి. తోలువి కావాలంటే మందంగా, నోటి దగ్గర గట్టి పట్టీ ఉన్నవి చూడండి. తోలు పాతబడి మెత్తబడితే అంచు లోపలికి మడిచి ట్రిగ్గర్ గార్డులోకి దూరుతుంది. మీరు పిస్టల్ కిందికి నొక్కుతారు, ఆ తోలు మడత మీ వేలు చేసే పనే చేస్తుంది. అలా మెత్తబడిందని తెలిసిన రోజే దాన్ని పారేయండి, చెప్పులకు వేసినట్టు కుట్లు వేయించి మళ్లీ వాడొద్దు.

.32 కు సరిగ్గా అచ్చు పోసిన కైడెక్స్ దొరకడం కష్టం, తయారుచేసేవాళ్లకు మోడల్ చెప్పి చేయించుకోవాల్సి రావచ్చు. ఆలస్యమైనా సరే, అది చేతికి వచ్చేదాకా పిస్టల్ బయటికి తియ్యకండి.

బెల్టు కూడా హోల్‌స్టర్‌తో సమానమే. మామూలు ఆఫీసు బెల్టు బరువుకు వంగి, పిస్టల్ పిడి బయటికి వాలుతుంది, చొక్కా మీద గూటం కట్టినట్టు కనిపిస్తుంది. రెండు పొరల మందం ఉన్న గట్టి బెల్టు కావాలి. లుంగీ, పంచె మీద ఉండే రోజుల్లో పిస్టల్ వద్దు, అంతే. మొలతాడుకు, పంచె ముడికి తుపాకి దోపేవాళ్లను మన పల్లెల్లో చూసి ఉంటారు, వాళ్లను ఆదర్శంగా తీసుకోకండి.

నడుము మీద ఎక్కడ అంటే, కుడిచేతివాటం వాళ్లకు కుడి తుంటి ఎముకకు కాస్త వెనక. నడుముకు సరిగ్గా వెనక, వెన్నెముక మీద పెట్టుకోవద్దు. బైకు మీంచి వెల్లకిలా పడితే ఆ ఇనుపముద్ద నేరుగా వెన్నుపూసకే తగులుతుంది. పొట్ట ముందు పెట్టుకోవడం వీడియోల్లో చాలా కనిపిస్తుంది. తీయడం తేలిక, కారులో కూర్చున్నా చెయ్యి అందుతుంది. కానీ కూర్చున్నప్పుడు మూతి తొడ రక్తనాళం వైపు, ఇంకా ముఖ్యమైనవాటి వైపు తిరిగి ఉంటుంది. కొత్తవాళ్లకు నేను చెప్పను. కుడి పక్క పెట్టుకున్నప్పుడు కారు సీటు బెల్టు బకిల్ హోల్‌స్టర్‌కు తగలకుండా చూసుకోండి. బెల్టు తీసేటప్పుడు చేత్తో తడుముకుంటూ చొక్కా పైకి లాగేస్తుంటారు, అక్కడే గుట్టు బయటపడుతుంది. వదులుగా, ముదురు రంగులో, ఇన్‌షర్ట్ చెయ్యని చొక్కా చాలు. ఎత్తులో ఉన్న వస్తువు కోసం చెయ్యి చాచినప్పుడు చొక్కా లేస్తుంది, వంగినప్పుడు పిడి పొడుచుకొస్తుంది. అందుకే కింద పడ్డ వస్తువు తియ్యాలంటే నడుము వంచకుండా మోకాళ్లు మడవడం అలవాటు చేసుకోండి.

చలికాలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పల్లంలోవాళ్లు పట్టించుకోరు. సెమిలిగుడ, పొట్టంగి దగ్గర డిసెంబరులో జాకెట్ లేకుండా తిరగలేం. ఆ జాకెట్ నడుము దగ్గర బిగించుకునే తాడు, దాని చివర ప్లాస్టిక్ గుండీ ఉంటాయి. పిస్టల్ హోల్‌స్టర్‌లోకి దించేటప్పుడు ఆ గుండీ ట్రిగ్గర్ గార్డులోకి జారి మనుషులు తమ కాళ్లలోకే కాల్చుకున్న సంఘటనలున్నాయి. జాకెట్ తాడు కత్తిరించి పారేయండి. పిస్టల్ దించేటప్పుడు చొక్కా, స్వెటర్ అంచులు ఎడమచేత్తో పూర్తిగా పైకి ఎత్తిపట్టి, కళ్లతో హోల్‌స్టర్ నోరు చూసుకుంటూ, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పక్కనున్న ఇనుము మీద చాచి, నెమ్మదిగా దించాలి. ఏదైనా తగిలినట్టు అనిపిస్తే నొక్కకూడదు, బయటికి తీసి చూడాలి. పిస్టల్ బయటికి తియ్యడంలో తొందర ఉండొచ్చేమో గానీ, లోపల పెట్టడంలో తొందర ఎప్పుడూ ఉండదు.

ఇంకా మంచి పద్ధతి ఉంది. పిస్టల్‌ను విడిగా పెట్టొద్దు, తియ్యొద్దు. ఇంట్లో, తలుపు వేసుకుని, హోల్‌స్టర్‌లో పిస్టల్ ముందే ఉండగా ఆ రెండూ కలిపి బెల్టుకు తగిలించండి. సాయంత్రం ఆ రెండూ కలిపే విప్పి లాకర్‌లో పెట్టండి. ట్రిగ్గర్ పగలంతా ఒక్కసారి కూడా బయటపడదు. ఇందుకే క్లిప్పులతో తేలిగ్గా ఊడివచ్చే హోల్‌స్టర్ తీసుకోమంటాను. తోలు హోల్‌స్టర్ అయితే మాత్రం రాత్రిళ్లు అందులోనే వదిలెయ్యకండి. తోలు శుద్ధిచేసిన రసాయనాలు, పగలంతా పీల్చుకున్న చెమట కలిసి ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. జైపూర్ ఎండల్లో, కోరాపుట్ వానల్లో వారానికి ఒకసారైనా పలచగా నూనె గుడ్డతో తుడవాలి. నూనె తూటాలకు తగలనివ్వొద్దు, వెనకున్న ప్రైమర్‌లోకి (తూటాను రాజేసే మందులోకి) దిగితే అవసరమైన రోజున టిక్ అని ఊరుకుంటుంది.

తుడవాలంటే ఖాళీ చెయ్యాలి. ప్రాణాలు పోయే ప్రమాదం ఇక్కడ ఎక్కువ కాబట్టి వరుస గుర్తుపెట్టుకోండి. మూతి ఇటుక గోడ వైపు, వేలు బయట. ముందు మ్యాగజైన్ తియ్యాలి. తర్వాతే స్లైడ్ వెనక్కి లాగాలి, లోపల ఉంటే రౌండ్ బయటికి దూకుతుంది. స్లైడ్ వెనక్కే పట్టుకుని ఛాంబర్‌లోకి చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. కంటికి వెలుతురు చాలకపోయినా వేలు అబద్ధం చెప్పదు. ఈ వరుస తారుమారై ముందు స్లైడ్ లాగి, తర్వాత మ్యాగజైన్ తీస్తే ఏమవుతుంది? ఉన్న రౌండ్ బయటపడి, మ్యాగజైన్‌లోంచి కొత్తది ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైన్ చేతిలోకి వస్తుంది. ఖాళీ అనుకున్న పిస్టల్ నిండుగా ఉంటుంది. కొన్ని పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోతే పేలవు, కొన్ని పేలతాయి. మీది ఏ రకమైనా పేలేదే అనుకుని మెలగండి. బెటాలియన్‌లో 'ఖాలీ కర్' అనగానే అందరూ ఒకే వరుసలో చేసేది అందుకే, అక్కడ ఎవరి తెలివితేటలూ పనికిరావు.

చేతిలోంచి జారిపోతుంటే పట్టుకోబోకండి. గాల్లో పట్టుకునే చేతికి దొరికేది ట్రిగ్గరే. పడనివ్వండి, ఛాంబర్ ఖాళీగా ఉంటే నష్టం గీత పడటమే.

తూటాల దగ్గర ఒక చిక్కు ఉంది. లైసెన్స్‌లో .32 అని ఉంటుంది, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ కూడా .32 నే. కానీ రెంటి తూటాలు వేరు. రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, గుల్ల (ఇత్తడి తొడుగు) పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. మీ పిస్టల్‌ది .32 ఏసీపీ, 7.65 బ్రౌనింగ్ అని కూడా అంటారు, గుల్ల 17 మిల్లీమీటర్లు. డీలర్ దగ్గర పిస్టల్ చూపించి, పెట్టె మీద రాసింది చదివి తీసుకోండి. అడుగున కేఎఫ్ అని ముద్ర ఉంటే అది పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీది. మరో సంగతి, .32 ఏసీపీ తూటా అడుగున అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పైనున్న తూటా అంచు కిందిదాని అంచుకు ముందే ఉండాలి, వెనక పడితే పైది కదలకుండా లాక్ అయిపోతుంది. ఒకే తూటాను మళ్లీ మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే మొన కొంచెం కొంచెం గుల్ల లోపలికి దిగిపోతుంది, అలాంటిది పేలితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంచమనడానికి ఇదీ ఒక కారణమే. పొడవు తగ్గినట్టు కనిపించిన తూటా పక్కన పెట్టి డీలర్‌కు అప్పగించండి.

రోడ్డు మీద దాబాలో మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు పిస్టల్ తీసి ట్యాంకు మీద, కిటికీ గట్టు మీద పెట్టొద్దు. అక్కడే మర్చిపోయి బయలుదేరేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, పోలీసుల్లో కూడా. హోల్‌స్టర్‌లోనే ఉండనిచ్చి, బెల్టు బకిల్ తిరిగి పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దగ్గర బిగించి పట్టుకోవడమే దారి. కారులో వదిలి వెళ్లడం కుదరదు. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికో, బ్యాంకుకో, కోర్టుకో, పిల్లల స్కూలుకో వెళ్లాల్సిన రోజున ఇంటి దగ్గరే లాకర్‌లో పెట్టి బయలుదేరండి. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు, జాతరలకు అసలే వద్దు. ఆ 32వ రూల్ పెళ్లిళ్లు, సభలు, జాతరలు, ఊరేగింపుల్లో తుపాకి పట్టుకెళ్లడాన్నే నిషేధించింది. సంబరానికి గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మందు ముట్టే సాయంత్రం కూడా ఇదే లెక్క, ఒక్క పెగ్గైనా సరే. పది రోజులు ఊరు వదిలి వెళ్తుంటే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర సేఫ్ కస్టడీలో పెట్టి రసీదు తీసుకోండి.

చెక్‌పోస్టులో ఆపితే టెన్షన్ పడొద్దు. ఇంజిన్ ఆపి, లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. ముందు నోటితో చెప్పండి: "మో పాఖరే లైసెన్స్ పిస్తల్ అఛి" (నా దగ్గర లైసెన్స్ పిస్టల్ ఉంది) అంటే చాలు, ఒడిశా జవానుకు అర్థమవుతుంది. కుడి నడుముకు ఉందని చెప్పి, ఏం చెయ్యమంటారో అడగండి. చూపిస్తానంటూ చెయ్యి నడుము దగ్గరికి పోనివ్వకండి. మల్కన్‌గిరి, కోరాపుట్ దారుల్లో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు ఆ చెయ్యినే చూస్తాడు. లైసెన్స్ పిస్టల్ ఉన్న పక్క కాకుండా చొక్కా జేబులో ఉండాలి. జిరాక్సు కాదు, అసలుదే. ఆయుధం పట్టుకెళ్లేవాణ్ణి లైసెన్స్ చూపించమని అడిగే అధికారం ఆయుధ చట్టం 19వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది.

ఎప్పుడు కాల్చొచ్చు అన్నది మీరు అడగలేదు, నేను వదిలెయ్యలేను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ప్రాణం పోతుందని, తీవ్రంగా గాయపరుస్తారని న్యాయంగా భయపడాల్సిన దాడి జరుగుతుంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా హక్కు వెళ్తుందని 38 చెప్తుంది. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ ఆ హక్కును దోపిడీ లాంటి కొన్నిటికే ఇచ్చింది. అవసరానికి మించి హాని చెయ్యకూడదని, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదని 37 చెప్తుంది. కాబట్టి బ్యాగు లాక్కుని వీపు చూపించి పరిగెత్తేవాణ్ణి కాల్చడానికి ఇందులో మీకు ఆధారం దొరకదు. బాకీ ఎగ్గొట్టిన రైతు ముందు, ఓవర్‌టేక్ చేసిన లారీ డ్రైవర్ ముందు చొక్కా పక్కకు తీసి పిడి చూపించడం బెదిరింపు నేరం, లైసెన్స్ పోవడానికి అదొక్కటే చాలు. నిజంగా కాల్చాల్సి వస్తే వెంటనే 112కు ఫోన్ చెయ్యండి, పోలీసులు వచ్చేసరికి పిస్టల్ చేతిలో ఉండకూడదు.

ప్రాక్టీస్ కోసం దేవమాలి వైపు కొండల్లోకి పోయి కాల్చుకుంటాను అని రాశారు. వద్దు. ఈ కొండల్లో ఒక్క చప్పుడు వినబడితే ఏ మావోయిస్టు దళమో అని బలగాలు కదలొచ్చు. అది చట్టానికీ విరుద్ధం. అనుమతి ఉన్న రేంజు దూరమైనా భువనేశ్వర్ వైపో, విశాఖ వైపో మీ లైసెన్స్ ఒప్పుకున్నచోటికి వెళ్లండి. ఇంట్లో అయితే డమ్మీ తూటాలతో తీయడం, స్లైడ్ లాగడం, దించడం నేర్చుకోవచ్చు. అసలు తూటాలు ఆ గదిలో ఉండకూడదు, తలుపు మూసి ఉండాలి, గురి ఇటుక గోడ వైపే. రేంజులో టిక్ అని పేలకుండా ఉంటే వెంటనే తెరవకండి, మూతి లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.

ఇంట్లో మీ ఆవిడకు చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. ఎక్కడుంది, ఎలా ఖాళీ ఉందో చూసుకోవాలి, పిల్లలకు దొరక్కుండా తాళంచెవి ఎక్కడ ఉంచాలి అనే వరకు ఆవిడకు తెలియాలి. అంతకు మించి, మీరు లేనప్పుడు ఆవిడ దాన్ని వాడటానికి లైసెన్స్ ఒప్పుకోదు.

ఆఖరుగా, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చెయ్యమని నోటీసు వస్తుంది. 2024 మే 13న కోరాపుట్‌లోనూ, ఆంధ్రాలోనూ ఒకేరోజు పోలింగ్ జరిగింది కాబట్టి రెండువైపులా ఒకేసారి తేలిపోయింది. ప్రతిసారీ అలా కలిసిరాదు. అవతలి రాష్ట్రంలో ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు, మీ ఏరియా పెరిగి ఉన్నా, సరిహద్దు దాటొద్దు. జమ చేసేటప్పుడు పిస్టల్ ఇంట్లోనే ఖాళీ చేసి, పెట్టెలో తీసుకెళ్లండి. రసీదులో పిస్టల్ నంబరు, మ్యాగజైన్లు, తూటాల లెక్క మీ కళ్ల ముందు రాయించుకోండి. తిరిగి ఇచ్చాక వెంటనే లోడ్ చెయ్యకండి. నెలల తరబడి మాల్‌ఖానా (స్టేషన్ సామాను గది) తేమలో ఉన్న పిస్టల్ అది. ముందు ఖాళీ అని చూసుకుని, విప్పి, వెలుతురుకు పెట్టి గొట్టం ఈ చివరి నుంచి ఆ చివరికి శుభ్రంగా ఉందో లేదో చూడండి. సాలెగూడు, తుప్పు పొర కనిపిస్తే గన్‌స్మిత్ చూసేదాకా అందులో తూటా పెట్టొద్దు.